మీ ప్రశ్న – మా జవాబు: నెపోలియన్ వదిలి వెళ్లినవేమిటి?

వాటర్లూ యుద్ధం గురించి ఈ శీర్షికలో ఒక చిన్న జవాబు అచ్చయ్యాక, నెపోలియన్ మీద ఉత్తరాలు వరసపెట్టి వచ్చాయి. యుద్ధాల గురించి అడిగినవే ఎక్కువ. ఈసారి ఆయన పాలన గురించి అడిగినవాటికి పెద్దపీట వేశాం.

ప్ర: గ్రూప్స్‌కు చదువుతున్నాను. 1799లో కాన్సుల్, 1804లో చక్రవర్తి అని తారీఖులు బట్టీ పట్టాను. కానీ 1793లో రాజు తల నరికిన దేశం పదకొండేళ్లకే ఇంకో కిరీటాన్ని ఎలా ఒప్పుకుందో అర్థం కావడం లేదు. – వరంగల్ పాఠకుడు

జ: ఒక్కసారిగా ఒప్పుకోలేదు. నెపోలియన్ ఒక్కో మెట్టూ ఎక్కించాడు. 1799 నవంబరు 9, 10 తేదీల్లో జరిగినది అప్పటి ప్రభుత్వాన్ని కూలదోసిన కుట్ర. రెండో రోజు సెయింట్ క్లౌడ్‌లో ప్రజాప్రతినిధులు ఆయన మీద తిరగబడితే, సభాధ్యక్షుడిగా ఉన్న తమ్ముడు లూసియన్ బయట సైనికులను రెచ్చగొట్టాడు. వాళ్లు తుపాకులతో వచ్చి సభ ఖాళీ చేయించారు. తర్వాత వచ్చిన రాజ్యాంగంలో కాన్సుళ్లు, అంటే దేశాన్ని నడిపే అధికారులు, ముగ్గురున్నా, అధికారమంతా మొదటి కాన్సుల్‌దే. గడువు పదేళ్లు. 1802లో ఆ గడువు తీసేసి జీవితాంతం అన్నారు. 1804 మే 18న సెనేట్ తీర్మానంతో చక్రవర్తి అయ్యాడు. డిసెంబరు 2న నోత్రదామ్ చర్చిలో పోప్ ఏడో పయస్ ఎదుట కిరీటం తన చేత్తో తానే పెట్టుకున్నాడు.

ప్రతి మెట్టు దగ్గరా జనం ఓటు అడిగాడు. ఆ లెక్కలను మాత్రం యథాతథంగా రాయకండి. 1800 నాటి ఓటులో 30 లక్షల మంది సరే అన్నారని, 1,562 మంది మాత్రమే కాదన్నారని ప్రకటించారు. అప్పుడు హోం మంత్రి ఎవరనుకున్నారు? ఆ లూసియనే. చరిత్రకారుడు క్లోద్ లాంగ్లువా పాత దస్త్రాలు తిరగేసి, నిజంగా పడిన ఓట్లు ప్రకటించినవాటిలో ఇంచుమించు సగమేనని తేల్చాడు. ఓటే వేయని సైనికుల పేరిట లక్షల ఓట్లు కలిపారు.

ఇక జనం ఎందుకు ఊరుకున్నారు అంటే, మా దృష్టిలో అసలు కారణం భూమి. విప్లవంలో చర్చి భూములు, దేశం విడిచి పారిపోయిన జమీందార్ల భూములు వేలం వేశారు. రైతులూ పట్నం వ్యాపారులూ కొనుక్కున్నారు. పాత రాజవంశం తిరిగొస్తే ఆ పట్టాలు చెల్లుతాయా? అదీ వాళ్ల భయం. పట్టాభిషేకం నాడు నెపోలియన్ చేసిన ప్రమాణం చదవండి. అమ్మేసిన జాతీయ ఆస్తుల అమ్మకాలు రద్దు చేయనని అందులో స్పష్టంగా ఉంది. ఆయనను చంపడానికి రాజపక్షం వాళ్లు పన్నిన కుట్ర 1804 మొదట్లో బయటపడేసరికి, ‘ఈయన పోతే మన గతేమిటి, వారసత్వం ఉంటేనే మేలు’ అనే వాదన తేలిగ్గా నెగ్గింది. ఒక చిత్రం: 1808 వరకూ నాణేలకు ఒక వైపు ‘నెపోలియన్ చక్రవర్తి’ అనీ, ఇంకో వైపు ‘ఫ్రెంచ్ రిపబ్లిక్’ అనీ ముద్రించారు. ఎవరినీ నొప్పించకుండా కానిచ్చారన్నమాట.

ప్ర: నెపోలియన్ కోడ్ ప్రపంచ ప్రసిద్ధమని లా కాలేజీలో చెప్పారు. అందులో అంత కొత్త ఏముంది? ఆయనే రాశాడా? – విశాఖపట్నం విద్యార్థిని

జ: ఈ పౌర చట్టాల పుస్తకాన్ని రాసింది నలుగురు న్యాయవాదులు: పోర్తాలిస్, త్రోన్షే, బిగో ద ప్రెయామెన్యూ, మాల్విల్. నెపోలియన్ చేసింది దాన్ని ముగింపుకు తేవడం. ప్రభుత్వ మండలిలో దీని మీద వందకు పైగా సమావేశాలు జరిగితే సగానికి మించి తానే అధ్యక్షత వహించాడు. దత్తత, విడాకుల దగ్గర బాగా తలదూర్చాడు. 1804 మార్చి 21న అమల్లోకి వచ్చింది, మొత్తం 2,281 అధికరణాలు. అదే రోజు తెల్లవారకముందే, పొరుగుదేశం నుంచి ఎత్తుకొచ్చిన రాజవంశీకుడు ఎంఘియెన్ ప్రభువును, వకీలు కూడా లేని ఒక రాత్రి విచారణ జరిపించి విన్సెన్ కోట కందకంలో కాల్చి చంపించారు. ఆయన పాలన గురించి ఒక్క రోజు ఎంచుకుని చెప్పమంటే ఆ రోజును చెబుతాం.

కొత్త ఏముంది అన్నారు. అంతకుముందు ఫ్రాన్స్ దక్షిణాన రోమన్ చట్టం, ఉత్తరాన ఊరికో ఆచారం. గుర్రాలు మార్చినంత సులువుగా చట్టాలు మారిపోయేవి. ఇప్పుడు దేశమంతటికీ ఒకే పుస్తకం. దాని మొదటి పేజీల్లోనే గట్టి నియమాలున్నాయి. రెండో అధికరణం: చట్టం ముందు కాలానికే వర్తిస్తుంది, వెనకటికి కాదు. నాలుగోది: చట్టంలో లేదనో, అస్పష్టంగా ఉందనో సాకు చెప్పి తీర్పు ఇవ్వని జడ్జి శిక్షార్హుడు. ఐదోది: అలాగని జడ్జి తన తీర్పును అందరికీ వర్తించే శాసనంగా ప్రకటించకూడదు. మన దగ్గర సుప్రీంకోర్టు తీర్పు కింది కోర్టులకు శిరోధార్యం కదా, ఆ పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు. పరీక్షలో తేడా రాయమంటే నాలుగు, ఐదు కలిపి రాయండి. ఒకటే రాస్తే అర్థం తలకిందులవుతుంది.

వారసత్వం చూడండి. తండ్రి తన ఆస్తిని వీలునామాతో ఇష్టం వచ్చినట్టు రాసేయడానికి వీల్లేదు. ఒక్క సంతానముంటే సగం, ఇద్దరుంటే మూడో వంతు, ముగ్గురూ అంతకు మించీ ఉంటే నాలుగో వంతు మాత్రమే ఆయన చేతిలో ఉంటుంది. మిగతాది పిల్లలకు సమానంగా. ఆడపిల్లకీ మగపిల్లాడికీ తేడా లేదు, పెద్దకొడుకుకు ప్రత్యేక వాటా లేదు. 12 లక్షల ఆస్తి, ముగ్గురు పిల్లలు అనుకోండి. 9 లక్షలు తలా మూడు చొప్పున పిల్లలకు ఖాయం, 3 లక్షలు మాత్రం తండ్రి ఎవరికైనా రాసుకోవచ్చు. బతికుండగా ఒకరికి ఎక్కువ దానమిచ్చినా, చావు తర్వాత ఆ దానాన్ని కూడా లెక్కలో కలిపి చూస్తారు. హద్దు దాటితే కోత పడుతుంది. జనం పొరపడేది ఇక్కడే. ఈ భిన్నాలు ఫ్రాన్స్‌లో ఇప్పటికీ ఇవే.

ఇంత సమానత్వం కూతురికి ఇచ్చిన చేత్తోనే భార్య దగ్గర లాగేసుకున్నారు. 213వ అధికరణం: భర్త భార్యను కాపాడాలి, భార్య భర్తకు విధేయురాలై ఉండాలి. భర్త అనుమతి లేకుండా ఆమె ఆస్తి అమ్మలేదు, కోర్టుకెక్కలేదు. భార్య పరాయి సంబంధం పెట్టుకుంటే భర్త విడాకులు అడగొచ్చు. అదే పని భర్త చేస్తే మాత్రం, ఉంపుడుగత్తెను కాపురమున్న ఇంట్లోకే తెచ్చి పెట్టుకుంటేనే భార్య అడగగలదు. భర్త వీలునామా రాయకుండా పోతే, పన్నెండో అంచె దూరపు చుట్టం వరకూ అందరూ అయ్యాకే భార్య వంతు. 1816లో రాజులు తిరిగొచ్చి విడాకులనే రద్దు చేశారు. 1884 దాకా మళ్లీ రాలేదు. భర్త సమ్మతి లేకుండా ఉద్యోగం చేసే హక్కు, బ్యాంకు ఖాతా తెరిచే హక్కు ఫ్రెంచ్ భార్యలకు 1965లో దక్కాయి. ఆ ఏడాదికి మన దేశంలో హిందూ వారసత్వ చట్టం వచ్చి తొమ్మిదేళ్లయింది.

ప్ర: యానాంలో మా బంధువులున్నారు. అక్కడ కొందరికి ఇంకా ఫ్రెంచి చట్టమే అంటారు, నిజమేనా? తెలుగు నేలకు నెపోలియన్‌తో ఇంకేమైనా సంబంధం ఉందా? – కాకినాడ పాఠకురాలు

జ: నిజమే, కానీ అందరికీ కాదు. కోడ్‌ను 1819లో ఫ్రెంచి ఇండియాకు వర్తింపజేసినప్పుడు హిందువులకూ ముస్లింలకూ వాళ్ల సొంత ఆచార చట్టాలే ఉంచారు. 1881 సెప్టెంబరు 21 నాటి ఉత్తర్వు ప్రకారం, ఇష్టమైనవాళ్లు తమ ఆచార చట్టాన్ని వదులుకుంటున్నట్టు అధికారి ఎదుట నమోదు చేసుకుని, ఒక ఇంటిపేరు స్వీకరించి, కోడ్ కిందికి రావచ్చు. అలా వచ్చినవాళ్లను రెనోన్సాంట్లు అంటారు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని రెనోన్సాంట్లకు ఈ చట్టం వర్తించదని హిందూ వివాహ చట్టంలోనూ, హిందూ వారసత్వ చట్టంలోనూ 2(2ఎ) అనే చిన్న ఉపసెక్షన్ ఉంది. కాబట్టి యానాంలో ఎవరి ఆస్తి పంపకమైనా వస్తే, ముందు పూర్వీకుల్లో ఎవరైనా అలా నమోదు చేసుకున్నారా అన్నది ఆనాటి రిజిస్టర్లలో చూసుకోవాలి. ఆ కాగితం చూడకుండా మామూలు పద్ధతిలో వాటాలు వేసుకుంటే తర్వాత చిక్కే.

యానాం నెపోలియన్ ఏలుబడిలో మాత్రం లేదు. 1793లోనే ఇంగ్లిషువాళ్లు పట్టుకున్నారు, నెపోలియన్ పడిపోయాకే ఫ్రాన్స్‌కు తిరిగిచ్చారు. ఆయన 1803లో దెకాన్ అనే జనరల్‌ను పుదుచ్చేరికి పంపితే, ఇంగ్లిషువాళ్లు ఊరు అప్పగించకుండా తాత్సారం చేశారు. ఈలోగా మళ్లీ యుద్ధం. దెకాన్ మారిషస్‌కు వెళ్లిపోయి అక్కడ ఈ కోడ్ అమలు చేశాడు. 1810లో ఆ ద్వీపం ఇంగ్లిషువాళ్లకు లొంగిపోయేటప్పుడు చట్టాలు యథాతథంగా ఉంచాలని ఫ్రెంచివాళ్లు షరతు పెట్టుకున్నారు. అందువల్ల చెరకు తోటల పనికి వెళ్లి స్థిరపడిన మన తెలుగువాళ్ల వారసులు నేటికీ ఆ కోడ్ నుంచి పుట్టిన సివిల్ చట్టం కిందే ఉన్నారు.

ఇక రెండో సంబంధం పెద్దది, మన పాఠ్యపుస్తకాలు ఒక ముక్కలో దాటేసేది. హైదరాబాదు నిజాం కొలువులో రేమాన్ అనే ఫ్రెంచివాడు పదివేలకు పైగా సైన్యాన్ని తయారుచేశాడు. ఆయన సమాధి ఉన్న మూసారాంబాగ్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చిందంటారు. 1798 జనవరిలో మారిషస్ గవర్నర్ మలార్టిక్, టిప్పు సుల్తానుకు సాయంగా రమ్మని బాహాటంగా ప్రకటన చేశాడు. వెళ్లింది వంద మంది లోపే. కానీ గవర్నర్ జనరల్ వెల్లెస్లీకి కావలసిన సాకు దొరికింది. మార్చిలో రేమాన్ చనిపోయాడు. సెప్టెంబరు 1న నిజాంతో సైన్య సహకార ఒప్పందం: ఆరు బెటాలియన్ల ఇంగ్లిషు సైన్యం, ఖర్చు ఏటా 24 లక్షల రూపాయలకు పైగా నిజాందే. అక్టోబరు 22న ఫ్రెంచి దళాన్ని చుట్టుముట్టి ఒక్క తూటా కాల్చకుండా ఆయుధాలు దించేయించారు. జీతాల బకాయిల కోసం సిపాయిలు అంతకుముందే సొంత ఫ్రెంచి అధికారుల మీద తిరగబడి ఉన్నారు, అదీ కలిసొచ్చింది. అప్పటికి నెపోలియన్ ఈజిప్టులో దిగి నాలుగు నెలలు. 1799 జనవరిలో టిప్పుకు ఆయన రాసిన ఉత్తరం దారిలోనే ఇంగ్లిషువాళ్ల చేతిలో పడింది. మే 4న టిప్పు చనిపోయాడు. సైన్యం ఖర్చు కింద 1800లో నిజాం, మైసూరు యుద్ధాల్లో తనకు వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి ఇచ్చేశాడు. అదే దత్తమండలం, అందులో ఎక్కువ భాగం నేటి రాయలసీమ. ఎక్కడో కైరోలో ఉన్న మనిషి భయం ఇక్కడ హద్దులు మార్చింది.

ప్ర: నెపోలియన్‌ను రష్యా చలి ఓడించింది అంటారు. అంత తెలివైనవాడు స్వెట్టర్ల సంగతి ఆలోచించలేదా? – కర్నూలు పాఠకుడు

జ: చలి వచ్చేనాటికి సైన్యంలో ఎక్కువ భాగం ఎప్పుడో పోయింది. రష్యా సరిహద్దులోని నీమెన్ నది దాటింది 1812 జూన్ 24న, మండుటెండలో. ఫ్రెంచ్ ఇంజనీరు మినార్ 1869లో గీసిన ప్రసిద్ధ పటం ప్రకారం, నది దాటినవాళ్లు 4,22,000. మాస్కో చేరినవాళ్లు లక్ష. తిరిగి దాటినవాళ్లు పదివేలు. అంటే పోయినవాళ్లలో నాలుగింట మూడు వంతుల పైన వెళ్లేటప్పుడే తగ్గిపోయారు. చనిపోయినవాళ్లతో పాటు పారిపోయినవాళ్లు, దారిలో కాపలాకు దిగబెట్టినవాళ్లు కూడా ఆ లెక్కలో ఉన్నారనుకోండి.

లోపం రవాణాలో ఉంది. సైనికుడి సంచిలో నాలుగు రోజుల తిండి, బళ్లలో ఇరవై రోజులది, ఇదీ పథకం. బరువైన పెద్ద బళ్లు చేయించారు. అవి జర్మనీ రాళ్ల రోడ్లకు సరిపోతాయి, లిథువేనియా ఇసుకలో, వాన పడ్డ బురదలో దిగబడిపోయాయి. పశువుల మాట ఇంకా ఘోరం. లక్షన్నర గుర్రాలనుకుని, ఒక్కోదానికి రోజుకు 9 కిలోల మేత చొప్పున వేసినా 1,350 టన్నులు కావాలి. అంత మేతను మోయడానికి మళ్లీ గుర్రాలే కావాలి, వాటికీ మేత కావాలి. అందుకే పొలాల్లో పచ్చిమేత మొలిచేదాకా ఆగి జూన్‌లో బయల్దేరాడు. కోతకు రాని పచ్చి రై తిన్న గుర్రాలకు కడుపు ఉబ్బింది. దానికి తోడు రెండు మూడు రోజుల జడివాన. మొదటి కొద్ది రోజుల్లోనే వేల గుర్రాలు చచ్చాయి. గుర్రం పోతే ఫిరంగి కదలదు, రొట్టె రాదు, ముందు శత్రువు ఎక్కడున్నాడో చూసొచ్చే రౌతూ ఉండడు.

తర్వాత పేలు. లిథువేనియాలోని విల్నియస్‌లో 2001లో బయటపడిన సామూహిక సమాధిలోని సైనికుల పళ్లను పరీక్షిస్తే పేల ద్వారా పాకే జ్వరాల జాడలు దొరికాయి. ఈ మధ్య పరీక్షల్లో పారాటైఫాయిడ్ కూడా తేలింది.

మాస్కోలో అయిదు వారాలు రష్యా చక్రవర్తి జార్ రాజీ కబురు కోసం కూర్చోవడం పెద్ద తప్పు. అక్టోబరు 19న బయల్దేరేటప్పుడు కూడా చేయదగిన చిన్న పని ఒకటుంది, చేయలేదు: గుర్రాల నాడాలకు మంచు మేకులు. మొనదేలిన ఆ మేకులుంటేనే గుర్రం గడ్డకట్టిన నేల మీద నిలబడుతుంది. అశ్వశాలల అధికారి కోలంకూర్ తన చేతి కింది గుర్రాలకు కొట్టించాడు, అవి నిలిచాయి. మిగతావి ఏటవాలు దగ్గర జారి కాళ్లు విరగ్గొట్టుకున్నాయి.

బెరెజినా నది దగ్గర సైన్యం మొత్తం చిక్కిపోకుండా కొంతైనా దాటిందంటే ఆజ్ఞ మీరిన ఒక ముసలి జనరల్ పుణ్యం. బళ్లు తగ్గించమని వంతెన సామాను తగలబెట్టించారు. ఎబ్లే మాత్రం పనిముట్ల బళ్లు కొన్ని, రెండు కొలిములు, బొగ్గు దాచి తెచ్చాడు. ఊళ్లో ఇళ్లు పీకిన దూలాలతో, మంచు పలకలు కొట్టుకొస్తున్న నీళ్లలో ఛాతీలోతున నిలబడి ఆయన మనుషులు రెండు వంతెనలు కట్టారు. ఫిరంగుల కోసం కట్టిన వంతెన మళ్లీ మళ్లీ విరిగితే మళ్లీ మళ్లీ దిగారు. వాళ్లలో ఇంటికి చేరినవాళ్లు బహు తక్కువ. ఎబ్లే కూడా ఆ ఏడాది చివరనే పోయాడు.

ప్ర: నెపోలియన్ పొట్టివాడట కదా? – నెల్లూరు పాఠకుడు

జ: కాదు. 5 అడుగుల 2 అంగుళాలన్నది పాత ఫ్రెంచి కొలత. ఆ అడుగు 32.48 సెంటీమీటర్లు. లెక్కేస్తే దాదాపు 168 సెంటీమీటర్లు, మన కొలతలో 5 అడుగుల 6 అంగుళాలు. ఆ కాలపు ఫ్రెంచి మగవాళ్లలో సగటు కంటే కాస్త ఎక్కువే. పొట్టివాడిగా గీసింది లండన్ కార్టూనిస్టులు.

ప్ర: స్ఫింక్స్ ముక్కు ఆయన ఫిరంగి పేల్చి ఊడగొట్టాడా? పారిస్ పెద్ద వీధులు వేయించింది ఆయనేనా? – ఖమ్మం పాఠకుడు

జ: రెండూ కాదు. డెన్మార్క్ యాత్రికుడు నార్డెన్ 1737లో గీసిన బొమ్మలోనే ముక్కు లేదు, అప్పటికి నెపోలియన్ పుట్టనే లేదు. ఆ వీధులు ఆయన తమ్ముడి కొడుకు మూడో నెపోలియన్ కాలంలో హౌస్‌మన్ వేయించినవి.

ప్ర: ‘స్వేచ్ఛ, సమానత్వం’ అని యూరప్ అంతా చాటినవాడు బానిసత్వాన్ని మళ్లీ తెచ్చాడని చదివాను. నమ్మబుద్ధి కాలేదు. – తెనాలి పాఠకురాలు

జ: నమ్మండి. 1794 ఫిబ్రవరి 4న విప్లవ ప్రభుత్వం రద్దు చేసింది. 1802 మే 20 నాటి చట్టంతో, ఇంగ్లండు తిరిగిచ్చిన మార్టినిక్ వంటి ద్వీపాల్లో బానిసత్వం కొనసాగుతుందన్నాడు. గ్వాడెలూప్‌లో స్వేచ్ఛ పొందినవాళ్లను సైన్యంతో అణిచి మళ్లీ బానిసలను చేశాడు. కారణం పంచదార, దాని వెనకున్న తోటల యజమానుల ఒత్తిడి. హైతీలో బానిసల తిరుగుబాటు నాయకుడు తూసాంను పట్టుకుని ఫ్రాన్స్ కొండల్లోని జూ కోటలో పెడితే 1803 ఏప్రిల్‌లో చలికి, జబ్బుకు చనిపోయాడు. కానీ పచ్చజ్వరం ఫ్రెంచి సైన్యాన్ని తినేసింది. 1804 జనవరి 1న హైతీ స్వతంత్రమైంది. హైతీ లేకపోతే అమెరికాలో లూసియానా ఎందుకని దాన్ని 1803లోనే కోటిన్నర డాలర్లకు అమ్మేశాడు. ఫ్రెంచి ద్వీపాల్లో బానిసత్వం చివరకు పోయింది 1848లో. ఆయన మెచ్చుకోళ్లన్నీ రాసి దీన్ని అడుగు గమనికలోకి తోసే పుస్తకాలను కాస్త అనుమానంగా చూడాలి.

ప్ర: మా అబ్బాయి పారిస్‌లో చదువుతున్నాడు. రోజూ కనబడే నెపోలియన్ గుర్తులు ఏమైనా ఉంటే చెప్పండి. – రాజమండ్రి పాఠకురాలు

జ: విజయ తోరణం ఎలాగూ చూస్తాడు, అది ఆయన బతికుండగా పూర్తి కూడా కాలేదు. ఇంటి నంబరు చూడమనండి. 1805 ఫిబ్రవరి నాటి ఉత్తర్వు అది. సీన్ నదికి అడ్డంగా ఉన్న వీధుల్లో నంబర్లు నది దగ్గర మొదలవుతాయి. నది వెంట సాగే వీధుల్లో ప్రవాహం ఎటు పోతే అటు పెరుగుతాయి. కుడివైపు సరి సంఖ్యలు, ఎడమవైపు బేసి. ఇది తెలిస్తే ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయినా నది ఎటుందో పోల్చుకోవచ్చు.

నివాస అనుమతి కార్డు పొడిగింపుకు వెళ్లే ప్రిఫెక్చర్ అనే ఆఫీసు 1800 నాటిది. మన జిల్లా కలెక్టరు లాంటి ప్రిఫెక్ట్‌ను ఆ ఏడాదే పుట్టించాడు. స్థానికులు ఎన్నుకునేది కాదు, పారిస్ నియమించేది. పై చదువులో చేరడానికి అడిగే బాకలోరియా 1808 నాటిది. మొదట్లో రాసింది ముప్ఫై ఒక్కరే.

బజారులో ‘ఒక లీవ్ర్ టమాటాలు’ అంటే అరకిలో ఇస్తారు. ఇదీ ఆయనదే. మెట్రిక్ కొలతలు జనానికి ఎక్కడం లేదని 1812లో పాత పేర్లకు కొత్త తూకాలు కట్టాడు, లీవ్ర్‌కు 500 గ్రాములు. చట్టం 1840లో పోయింది, మాట మాత్రం సంతలో ఉండిపోయింది. పంచదార కొంటే అది చెరకుది కాక బీట్ దుంపది కావచ్చు. ఇంగ్లండు సరుకును నిషేధించాక ద్వీపాల చక్కెర రాక, 1811 మార్చిలో 32,000 హెక్టార్లలో ఆ దుంప వేయమని ఆజ్ఞాపించాడు. మొదట్లో విత్తనమూ చాలలేదు, పిండే ఫ్యాక్టరీలూ చాలలేదు. ఆయన పడిపోయి చవక చక్కెర ఓడల్లో దిగగానే చాలా ఫ్యాక్టరీలు మూతబడ్డాయి. రెండు దశాబ్దాల తర్వాతే ఆ పంట మళ్లీ నిలదొక్కుకుంది.